ఆరో సీసా

ప్రయోగశాల, రెండో అంతస్తు
ఫిబ్రవరి 6

మావయ్యా,

ముందే చెబుతున్నాను, ఇది పని పురమాయించే ఉత్తరం. క్షేమసమాచారాలు చివర్లో అడుగుతాను, కాగితంలో చోటు మిగిలితే.

దీంతో పాటు వచ్చిన అట్టపెట్టెలో ఆరు ఖాళీ సీసాలున్నాయి. మీ వీధి చేతిపంపు నీళ్ళ సంగతి చూడమని పురపాలక కమిటీ మా ల్యాబుకే అప్పజెప్పింది. వీధి పేరు చూడగానే ఇది నేను చేస్తానని చెయ్యెత్తాను. ఆ పంపు కింద తల పెట్టి తాగి పెరిగినదాన్ని కదా.

కమిటీ వాళ్ళు చెప్పేదేమిటంటే, మూల మీదున్న పెట్రోలు బంకులో భూమి లోపలి ట్యాంకు కారిందట, నీళ్ళ వాసన అందుకేనట. సరే, పెట్రోలు తినే బాక్టీరియాని మేం ఇక్కడ పెంచాం. పంపు మూయించి, దాని చుట్టూ గొట్టాలు దింపి మూడు నెలల నుంచి వదులుతున్నాం. లెక్క ప్రకారం అవి మట్టిలో ఉన్న చమురంతా తిని, పిల్లల్ని పెట్టుకుంటూ పోవాలి. అవేమో వారం తిరక్కుండా చచ్చిపోతున్నాయి. ఎందుకో తెలియాలంటే చుట్టుపక్కల మట్టి కావాలి.

మావాళ్ళు వస్తే మీ వీధివాళ్ళు గేటు కూడా తియ్యలేదు. నువ్వడిగితే తీస్తారు. పటం గీసి పెట్టెలో పెట్టాను. ఆరు చోట్ల గుర్తులున్నాయి. మోకాలి లోతు తవ్వి, అడుగు మట్టి సీసాలో నింపి, మూత బిగించి, అంకె వేసి, ఆ రోజే పార్సిలు చెయ్యాలి. ఒకటి, రెండు బంకు ఆవరణలో. మూడు టీచరమ్మగారి గులాబీల పక్కన. నాలుగు, ఐదు పంపుకి అటూ ఇటూ. ఆరు మన ప్రెస్సు పెరట్లో, రోలర్లు కడిగే గట్టు పక్కన. పటంలో ఆ మూల బోసిగా కనిపించి అక్కడా ఒకటి పెట్టాను.

నీ భుజం సంగతి నాకు తెలుసు. తవ్వడానికి ఎవరినైనా సాయం పిలుచుకో, వీరుడిలా గడ్డపార ఎత్తకు. ఫోన్‌లోనే చెప్పొచ్చుగా అంటావేమో. నలభై ఏళ్ళ అచ్చుయంత్రం మోత నీ చెవుల్ని తినేసింది, నీతో మాట్లాడితే మా అంతస్తు మొత్తానికి మన ఇంటి సంగతులు తెలుస్తున్నాయి.

చోటు మిగిలింది. ఎలా ఉన్నావు?

నీ పిడుగు


ప్రెస్సు, వెనక గది
ఫిబ్రవరి 19

పిడుగూ,

సీసాలు ఆరూ క్షేమం. నేను కూడా దాదాపు క్షేమమే. చదువుకున్న పిల్లవి, రెండు పేజీల ఉత్తరంలో పేరా ఎక్కడ విడగొట్టాలో తెలియకుండా రాశావు. ఈసారికి మన్నించాను.

సాయం పిలుచుకోమన్నావు కదా, పిలవకుండానే వచ్చాడు మన బంకాయన. నీకు గుర్తుందో లేదో, నాకూ వాడికీ చుట్టరికం వెతికినా దొరకదు, అయినా ఇరవై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటాం. సాయంత్రం నాలుగు కొట్టేసరికి చదరంగం బల్ల చంకన పెట్టుకుని వచ్చేస్తాడు. బంకు మూయించాక మూడింటికే వస్తున్నాడు. వేరే పనేముంది పాపం.

మట్టి తీయడం నీ మేనకోడలి కోసమా, అయితే గడ్డపార నాదే అన్నాడు. ఇందులో నిజం ఏదో బయటపడుతుందని వాడి ఆశ. ట్యాంకు తవ్వి తీసినప్పుడు చిన్న చెమ్మ కూడా లేదని వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు, వినేవాళ్ళు లేరు. పాలవాడు వాడి గుమ్మం దగ్గర ఆగడం మానేశాడు. టీచరమ్మ ఇదివరకు అన్నయ్యగారూ అని పలకరించేది, ఇప్పుడు తల తిప్పుకుపోతోంది. మే ఇరవై ఎనిమిదిన కమిటీ కూర్చుంటుందట, ఆ రోజు లైసెన్సు శాశ్వతంగా తీసేస్తారని వీధిలో అనుకుంటున్నారు. వాడు అవేవీ పట్టించుకోనట్టు నటిస్తాడు. మొన్న ఆటలో నా మంత్రి నోటికాడికి వచ్చినా చూడలేదు. అప్పుడు తెలిసింది నాకు వాడు ఏ స్థితిలో ఉన్నాడో.

ఒకటి నుంచి ఐదు దాకా వాడే తవ్వాడు. టీచరమ్మ గులాబీల దగ్గర మాత్రం గేటు బయట నిలబడ్డాడు, లోపలికి రానని. ఆ ఒక్కటీ నేనే తవ్వాను. ఆరోదాని దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కింది. నువ్వింటికి పోయి అన్నం తిను బావా, ఇది నేను చూసుకుంటా అని పంపేశాను. చూసుకున్నాను. ఆరు సీసాలూ నిండాయి, అంకెలు నా చేత్తో వేశాను, చక్కగా ఉన్నాయి కదా.

ప్రెస్సు మూసి ఆరేళ్ళయినా అక్షరాల పెట్టెల మీద వారానికోసారి దుమ్ము దులుపుతున్నాను. ఎవరికోసమో అడక్కు.

మావయ్య


ప్రయోగశాల
మార్చి 15

మావయ్యా,

మొదటి ఐదు సీసాలు నాకు చాలా చెప్పాయి. బంకాయన గడ్డపారకి నా తరఫున దణ్ణం పెట్టు.

నువ్వు అచ్చుమనిషివి కాబట్టి అచ్చొత్తినట్టు చెప్తాను. పంపు దగ్గర మట్టిలో రెండు రకాలున్నాయి. ఒకటి థిన్నరు లాంటి చమురు. పెట్రోల్లోనూ అలాంటిది ఉంటుంది, మా బాక్టీరియాకి అది బ్రహ్మాండమైన తిండి. రెండోది చూడ్డానికి దాని కవల తమ్ముడిలా ఉంటుంది, కానీ ఒంట్లో క్లోరిన్ ఉంది. మా పిచ్చిముండలు ఆ రెండోదాన్ని కూడా అదే అనుకుని కొరుకుతున్నాయి. సగం అరిగేసరికి అది కడుపులోనే విషమైపోతుంది. సీసాలో నీళ్ళు టీ డికాషన్ రంగుకి తిరుగుతాయి, మర్నాటికి అంతా నిశ్శబ్దం. ఇదీ మూడు నెలల నా ఏడుపుకి కారణం.

పెట్రోల్లో క్లోరిన్ ఉండదు. ఆ మాట కమిటీకి చెబితే, బంకులో ఇంజన్లు కడిగే మందు వాడి ఉంటారులే అన్నారు. ముందే అనుకున్నాక ఏ సాక్ష్యమైనా అటే తిరుగుతుంది మావయ్యా.

ఇప్పుడు అసలు సంగతి. బాక్టీరియాకి ఒక గమ్మత్తైన అలవాటుంది. మనకేదైనా తల్లిదండ్రుల నుంచి రావాలి, లేదా తిట్లు తింటూ నేర్చుకోవాలి. వాటికి ఆ బాధ లేదు. ఒకదాని పక్కన ఒకటి ఉన్నప్పుడు సన్నటి గొట్టం చాపి, ఫలానా విషాన్ని ఎలా అరిగించుకోవాలో రాసున్న చిన్న జన్యువుల ఉంగరాన్ని నకలు తీసి పక్కదానికి ఇచ్చేస్తాయి. ఇచ్చినదాని దగ్గర అసలు అలాగే ఉంటుంది. పుచ్చుకున్నది తన పిల్లలకి ఇస్తుంది, ఇంకో పక్కదానికీ ఇస్తుంది. రెండిటికీ బంధుత్వం ఉండక్కర్లేదు. మీ బావాబావల్లాగే.

కాబట్టి ఈ క్లోరిన్ విషంలో ఏళ్ళ తరబడి నానిన మట్టి ఎక్కడో ఉండాలి. అక్కడ చావకుండా మిగిలిన బాక్టీరియా దగ్గర ఆ ఉంగరం ఉండి తీరుతుంది. వాటిని తెచ్చి మావాటి పక్కన కూర్చోబెడితే చాలు, మిగతాది అవే చూసుకుంటాయి. వీధి శుభ్రం కావాలన్నా, బంకాయన మాట నిజమని తేలాలన్నా, ఆ మట్టి దొరకాలి.

ఇంకో చిన్న విషయం. సీసాలోని మట్టిలో ఎన్ని రకాల జీవులున్నాయో మేం జనాభా లెక్కలు తీస్తాం. పక్క పక్క గుంటలకే లెక్కలు వేరుగా వస్తాయి. నీ మూడో సీసా, ఆరో సీసా మాత్రం ఒకే బ్లాకు మీద తీసిన రెండు కాపీల్లా ఉన్నాయి. రెండింట్లోనూ గులాబీ వేరు ముక్కలున్నాయి. ఎక్కడో తబ్బిబ్బయినట్టుంది. ఆరోది మళ్ళీ తీసి పంపవా? సీసా పెట్టాను.

పిడుగు


ప్రెస్సు
మార్చి 30

పిడుగూ,

ఉత్తరం చదివాను. బాగుంది మీ బాక్టీరియా సంసారం. ప్రూఫు కాపీ తీసి పక్క ప్రెస్సుకి ఉచితంగా ఇచ్చే అచ్చుమనిషిని నా జన్మలో చూడలేదు. చూసుంటే కాళ్ళకి దణ్ణం పెట్టేవాణ్ణి.

ఆరో గుంట సంగతి. ముసలాడిని, ఆ రోజు ఎండ దెబ్బ, సీసాలు కలిసిపోయి ఉంటాయి. మళ్ళీ తీద్దామంటే గట్టు చుట్టూ సిమెంటు చేయించి ఉంది, పగలగొట్టాలి. ఎందుకా రాద్ధాంతం? ఆ మూల ఏముంటుంది? నువ్వే అన్నావు కదా, పటంలో బోసిగా ఉందని పెట్టానని. బోసిగానే ఉండనీ. నీకంతగా కావాలంటే మురుగుకాలవ పక్కన తవ్వి పంపిస్తాను, అక్కడ నీ విషాలు బోలెడు ఉంటాయి.

మాటిమాటికీ దాన్నే పట్టుకోకు. నాకు విసుగొస్తోంది.

బంకాయన భార్య వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది, కొన్నాళ్ళుండి వస్తానని. పంపు దగ్గర నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడ్డ బిందెలవాళ్ళు ఏదో అన్నారట. మీ ఆయన పోసిన విషమే కదా తల్లీ, నువ్వు ముందు తాగి చూపించు అన్నారట. వాడు ఆ మాట చదరంగం బల్ల వైపు చూస్తూ చెప్పాడు. నేను ఏనుగుని జరిపాను.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నువ్వు వేళకి తింటున్నావా?

మావయ్య


ప్రయోగశాల
ఏప్రిల్ 8

మావయ్యా,

నీకు విసుగొచ్చిందని తెలిసింది. నామీద నువ్వు విసుక్కోవడం ఇది మూడోసారి. మొదటిది, నేను 'క' పెట్టెలో 'గ'లు పోసినప్పుడు. రెండోది, హాస్టలు నుంచి చెప్పకుండా వచ్చేసినప్పుడు. రెండుసార్లూ మర్నాడు పొద్దున నువ్వే వచ్చి నా పక్కన కూర్చున్నావు.

మురుగుకాలవ మట్టి వద్దు.

ఆరో సీసా ఖాళీగా వచ్చినా నాకు ఫరవాలేదు. ఇంకో చోటి మట్టితో మాత్రం రావద్దు. ఖాళీ సీసా అబద్ధం చెప్పదు, ఇంకో చోటి మట్టి నా ఆరు నెలల పనిని అబద్ధం చేస్తుంది. బంకాయనకి కూడా ఇంకేం మిగలదు.

ఇంతకంటే ఏమీ అడగను. తింటున్నాను. నువ్వూ తిను.

పిడుగు


ప్రెస్సు, వెనక గది
ఏప్రిల్ 21

అమ్మా పిడుగూ,

ఈ పెట్టెలో ఉన్నది నిజంగా ఆరో గుంట మట్టి. మూత తీసే ముందు ముక్కుకి గుడ్డ కట్టుకో.

లైను తక్కువైతే ఖాళీ సీసం ముక్కలు దూర్చి నింపడం నా వృత్తి. చదివేవాడికి అక్కడ ఏమీ లేదని తెలియకూడదు, లైను మాత్రం నిండుగా కనిపించాలి. నీ ఆరో సీసాని అలాగే నింపాను. టీచరమ్మ తోటలో తీసిన మట్టి కొంచెం మిగిలింది, పోసేశాను. మీ చదువు ఇంతదూరం వచ్చిందని నాకేం తెలుసు.

ఇప్పుడు రాస్తాను, అడ్డు రాకు.

రోజూ పని అయ్యాక రోలర్లు కడగాలి. సిరా ఎండితే రోలరు పోతుంది. మొదట్లో ఉత్త థిన్నరు వాడేవాణ్ణి. తర్వాత నీలం డబ్బా మందు వచ్చింది, గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఎండిన సిరా కూడా ఊడొచ్చేది. రెండూ కలిపి వాడాను, ఇరవై రెండేళ్ళు. కడిగిన మురికి డబ్బాలో పట్టి, గట్టు పక్కన గుంటలో పోసేవాణ్ణి. అందరూ అలాగే చేసేవాళ్ళు అని రాయబోయి ఆగాను. మీ అత్తయ్య వద్దంటూనే ఉండేది. ఆ పక్కన ఆవిడ ఏ మొక్క పెట్టినా బతికేది కాదు. నేల మంచిది కాదులే అనేవాణ్ణి.

ప్రెస్సు మూసిన ఏడాది గుంట పూడ్చి సిమెంటు చేయించాను. మర్చిపోయాను. పంపు నీళ్ళు వాసనొస్తున్నాయని గొడవ మొదలైనప్పుడు నేనూ పెట్రోలే అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉండింది. ఒకరోజు పొద్దున పంపు దగ్గరికి వెళ్ళి దోసిట్లో పట్టి వాసన చూశాను. ఇరవై ఏళ్ళు నా చొక్కాలకి ఉన్న వాసన, నాకు తెలియకుండా ఉంటుందా? అక్కడే పారబోసి ఇంటికొచ్చి కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం బంకాయన వచ్చి బల్ల పరిచాడు. ఆడాను. ఆ రోజు గెలిచాను కూడా.

అది జరిగి ఎనిమిది నెలలైంది. రోజూ ఇవాళ చెబుదాం అనుకుంటాను. వాడు ఏదో జోకు వేస్తాడు, నవ్వుతాను, రోజు అయిపోతుంది. నేను పిరికివాణ్ణని నీకు తెలియకూడదని నిన్నూ మోసం చేశాను. ఇంకో కారణం కూడా ఉంది, అది మాత్రం రాయను.

గట్టు పక్క సిమెంటు నేనే పగలగొట్టాను. రెండు రోజులు పట్టింది. భుజం పోతే పోయింది. వాడికి ఎలా చెప్పాలో చెప్పు. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

మావయ్య


ప్రయోగశాల
మే 14

మావయ్యా,

రాయనన్న ఆ ఇంకో కారణం నేను రాస్తాను.

నాకు పదేళ్ళు. సాయంత్రం రోలర్లు కడిగాక, నీ నీలం ఏప్రను నాకు కట్టేవాడివి, నేలకి జీరాడేది. ఆ డబ్బా రెండు చేతులా పట్టుకుని గట్టు పక్కకి వెళ్ళి పోసేదాన్ని. ఒక్క చుక్క కింద పడకుండా పోస్తే నా పేరులో మొదటి అక్షరం సీసంతో పోత పోసింది ఇస్తానన్నావు. ఇచ్చావు, ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ డబ్బాలో మెరిసే రంగులు చూడ్డం నాకు చాలా ఇష్టం. నాలుగేళ్ళు దాదాపు రోజూ పోశాను. నువ్వు దాచింది నీ పిరికితనాన్ని కాదు, నన్ను. కొంత నిన్ను కూడా, సరే.

పటంలో ఆ మూల బోసిగా ఉందని గుర్తు పెట్టానన్నది అబద్ధం. నీళ్ళలో క్లోరిన్ ఉందని నవంబరులోనే తెలిసింది. నీలం డబ్బా నా కళ్ళ ముందు కదిలింది. ఆ గుంట దగ్గరికి నువ్వే వెళ్ళి, నువ్వే తీసి, నువ్వే చెబుతావని సీసా పంపాను. మూడూ ఆరూ ఒకటేనని తేలిన రోజు ల్యాబులో ఎవరికీ చెప్పకుండా మెట్ల మీద కూర్చున్నాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది. నీకు వ్యవధి ఇస్తున్నానని అనుకున్నాను. ఆ వ్యవధిలో బంకాయన భార్య ఇల్లు వదిలి వెళ్ళింది. అది నీ ఒక్కడి లెక్కలో వెయ్యకు, సగం నాది.

ఇప్పుడు మట్టి సంగతి విను. మూత తీయగానే నా పక్క బల్ల అబ్బాయి కిటికీ తెరిచాడు. అంత ఘాటులోనూ అందులో బతికే జనం ఉన్నారు. ఎక్కువమంది కాదు, మొండివాళ్ళు. ఆ క్లోరిన్‌దే వాటికి అన్నం. వాటిని తీసి మా పెట్రోలు తినేవాటితో కలిపి ఒకే పళ్ళెంలో రెండు రోజులు ఉంచాను. తర్వాత మావాటిని వేరు చేసి, క్లోరిన్ మందు తప్ప ఇంకేమీ లేని నీళ్ళలో వేశాను. మర్నాడు నల్లబడతాయని చూశాను. నల్లబడలేదు. మూడో రోజుకి పాలు కలిపినట్టు తెల్లగా మసకబారాయి. అంటే పెరుగుతున్నాయి. ఉంగరం వచ్చేసింది వాటికి. ఒక పీపాడు పంపు నీళ్ళు తెప్పించి వదిలాను, ఇరవై రోజుల్లో విషం నూటికి పదిపాళ్ళు కూడా మిగిలేలా లేదు. నేలలో వదలాలంటే అనుమతి కావాలి, చేతిపంపు తెరవడానికి ఒకటి రెండేళ్ళు పడుతుంది. అయినా దారి దొరికింది. ఆ గుంటలోంచి ఇంకాస్త లోతు మట్టి కూడా కావాలి. వీధి మొత్తంలో ఈ విషానికి విరుగుడు ఉన్నది ఆ గుంటలోనే, మావయ్యా. ఇంకెక్కడా లేదు.

దీన్ని తలుచుకుని నీ మనసు తేలిక చేసుకోమని చెప్పడం లేదు. అవి నేర్చుకున్నది మనం పోసినందుకు కాదు, చావడం ఇష్టం లేక.

నా రిపోర్టు ఇరవై ఎనిమిదిన కమిటీ ముందుకి వెళ్తుంది. మట్టి ఎక్కడిదో అందులో రాయాలి, రాశాను. డబ్బా పోసిన ఇద్దరిలో నేనొకదాన్నని కూడా రాశాను. ఈ పని నుంచి నన్ను తప్పిస్తే తప్పించనీ, పళ్ళేల్లోవి ఎవరి చేతిలోనైనా పెరుగుతాయి. కానీ ఆ కాగితం చదివి బంకాయనకి తెలియకూడదు. నీ నోటితో తెలియాలి. ఎలా చెప్పాలి అన్నావు. నీకు ఏది బాగా వచ్చో అలా చెప్పు.

నా పేరు దాచకు. దాచావో, రెండో ముద్రణ వేయిస్తాను.

పిడుగు


ప్రెస్సు
జూన్ 3

పిడుగూ,

నాకు బాగా వచ్చింది ఒకటే పని కదా. చేశాను.

అక్షరాల పెట్టెల మీద దుమ్ము ఎవరికోసం దులిపానో తెలిసింది. కళ్ళజోడు సాయం చెయ్యలేదు, వేళ్ళు మర్చిపోలేదు. ఎనిమిది లైన్లు కంపోజు చెయ్యడానికి ఒక పూట పట్టింది. ఈ వీధి పంపు నీళ్ళు చెడగొట్టింది బంకు కాదు, ఈ ప్రెస్సు అని మొదటి లైను. ఇరవై రెండేళ్ళు నేను ఏం పోశానో, ఎక్కడ పోశానో తర్వాత. తొమ్మిది నెలలుగా తెలిసీ చెప్పలేదు అని ఒక లైను. నువ్వు పట్టుబట్టావు కాబట్టి, పదేళ్ళ వయసులో నా మేనకోడలు కూడా నా మాట మీద ఆ డబ్బా పోసింది అని ఇంకో లైను. ఆ లైను పేర్చేటప్పుడు వేళ్ళు రెండుసార్లు తప్పాయి.

ముందు ఒక్క ప్రూఫే తీశాను. మే పదిహేడు, మూడింటికి వాడొచ్చి బల్ల పరుస్తుంటే పావులు పేర్చనివ్వకుండా కాగితం చేతికిచ్చాను. నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. మడత పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బల్ల ఇక్కడే వదిలేశాడు.

పదకొండు రోజులు రాలేదు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. దానికి సిద్ధపడ్డాను, రాకపోవడానికి సిద్ధపడలేదు. మూడు కొట్టగానే నా చేతులు వాటంతటవే పావుల్ని పేర్చేవి. మళ్ళీ తీసి పెట్టెలో వేసేవాణ్ణి. వాడు చదివేదాకా మిగతా కాపీలు తియ్యకూడదని ఆగాను. వాడి మాట లేకుండా ఊరందరికీ ఎలా పంచను?

ఇరవై ఎనిమిది పొద్దున, కమిటీకి వెళ్ళే ముందు వచ్చాడు. జేబులోంచి ప్రూఫు తీసి, అక్షరాలు పేర్చే గేలీ బల్ల మీద పెట్టాడు. పెన్సిలుతో ఒక లైను కొట్టేసి ఉంది. నీ లైను.

"పదేళ్ళ పిల్ల. తీసెయ్యండి" అన్నాడు.

"తనే రాయమంది, తీసేస్తే ఒప్పుకోదు" అన్నాను.

"నాకు తెలియదు. ఇది నా మీద పడ్డ మాట, దీన్ని ఎలా దిద్దాలో నేను చెబుతాను. ఆ పిల్ల లైను తీసెయ్యండి. మీవి అన్నీ ఉంచండి" అన్నాడు.

తీసేశాను. కోప్పడకు, ప్రూఫు దిద్దినవాడిదే చివరి మాట, అది మా వృత్తి ధర్మం. నీ రిపోర్టులో ఎలాగూ ఉందిగా, అక్కడ ఉండనీ. నలభై కాపీలు కొట్టాను. వాడు పక్కన నిలబడి ఒక్కొక్కటీ తీసి ఆరబెట్టాడు. అయిపోయాక రోలర్లు వంటనూనెతో తుడిచి, సబ్బునీళ్ళతో కడిగాను. ఆ మురికి డబ్బాలో పట్టాను. వాడు డబ్బా వైపు చూశాడు.

"ఇది ఎక్కడ పోస్తారు?" అన్నాడు.

మూత బిగించి ఉంచాను. నీ పార్సిలులో పంపుతున్నాను, ఏం చెయ్యాలో నువ్వే చూడు.

కమిటీ వాడి లైసెన్సు వదిలేసింది. నాకు నోటీసు వచ్చింది, దానికేం, రావాల్సిందే. వాడే వీధి మొత్తం తిరిగి కాగితాలు పంచాడు, నన్ను రానివ్వలేదు. టీచరమ్మ వాడింటికి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చిందట. వాడి భార్య ఆదివారం తిరిగొచ్చింది. నా గుమ్మం దగ్గర ఇప్పుడు పాలవాడు ఆగడం లేదు. అదీ న్యాయమే. మూలకి నడిచి వెళ్ళి తెచ్చుకుంటున్నాను.

నీకు ఇంకా మట్టి కావాలన్నావని వాడికి ఎవరు చెప్పారో, నువ్వే రాశావేమో, నిన్న గడ్డపార తీసుకుని పెరట్లోకి వచ్చాడు. నన్ను గట్టు మీద కూర్చోమన్నాడు. నా భుజం చూసి అన్నాడో, నన్ను దగ్గరికి రానివ్వడం ఇష్టం లేక అన్నాడో తెలియదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని నడుం లోతు దాకా తవ్వాడు. తవ్వుతూ ఒక్కసారి ఆగి, ఇన్నాళ్ళూ నేను పడ్డది దీనికా అన్నట్టు ఆ నల్లమట్టి వైపు చూశాడు. మళ్ళీ తవ్వాడు. లోతు చాలా అని అడిగాడు, చాలు అన్నాను. సీసాలో మట్టి వాడే నింపాడు, మూత వాడే బిగించాడు. అంకె వెయ్యమని నాకిచ్చాడు.

బావా అనడం లేదు పిడుగూ. ప్రెస్సుగారూ అంటున్నాడు. పాతికేళ్ళ కిందట, మొదటిసారి రసీదు పుస్తకాలు అచ్చు వేయించుకోవడానికి వచ్చినప్పుడు అలాగే పిలిచేవాడు. అప్పుడు బావా అనడానికి అయిదేళ్ళు పట్టింది. నాకు ఇప్పుడు డెబ్బై ఒకటి. నీ పంపు తెరవడానికి రెండేళ్ళంటున్నావు, అంతవరకైతే ఉంటాను.

చదరంగం బల్ల తీసుకెళ్ళమన్నాను. చేతులు కడుక్కుంటూ, ఉండనివ్వండి, ఎక్కడికి పోతుంది అన్నాడు.

ప్రూఫు ఈ ఉత్తరంలోనే పెడుతున్నాను. నీ లైను మీద ఉన్న పెన్సిలు గీత వాడిది. జాగ్రత్తగా దాచుకో.

మావయ్య